పోపు శనివారాల్లోనే: డబ్లిన్ హోస్ట్ ఇంట్లో ఏడు నెలలు

రేటింగ్ ముందే చెప్పేస్తా. ఇంటావిడకి ఐదుకి నాలుగున్నర. ఇంటికి మూడున్నర, అందులో ఆ అర హాట్ ప్రెస్‌ది, అదేంటో కింద చెప్తా. మమ్మల్ని కలిపిన ఏజెన్సీకి ఒకటి, అది కూడా సున్నా ఇస్తే గొడవెందుకని.

మాది ఖమ్మం. ఎమ్మెస్సీ చదవడానికి సెప్టెంబర్‌లో డబ్లిన్ వచ్చాను. ఇక్కడ రూమ్ దొరకడం ఎంత కష్టమో వచ్చినవాళ్లని అడగండి. ఫోటోలు చూసి ఇండియా నుంచే అడ్వాన్స్ పంపి మోసపోయిన సీనియర్ల కథలు విన్నాక మా నాన్న, "ముందు ఏదైనా ఫ్యామిలీ ఇంట్లో దిగు, మిగతాది అక్కడికెళ్లాక చూసుకో" అన్నారు. ఇలా ఒకరి ఇంట్లో గది తీసుకుని ఉండటాన్ని ఐర్లండ్‌లో 'డిగ్స్' అంటారు. ఈ పద్ధతి ఇక్కడ పాతదే. పల్లెల నుంచి డబ్లిన్‌కి చదువుకి వచ్చే ఐరిష్ పిల్లలు కూడా డిగ్స్‌లో ఉంటారు. అందుకే చాలా ప్రకటనల్లో 'సోమవారం నుంచి శుక్రవారం వరకే' అని ఉంటుంది, శని ఆదివారాలు వాళ్లు సొంతూరు వెళ్లిపోతారు కాబట్టి. నేను ప్రతి శుక్రవారం ఖమ్మం వెళ్లి రాలేను కదా. అది చూసుకోకుండా డబ్బు కట్టకండి.

నాకు ఏజెన్సీ కుదిర్చింది నాలుగు వారాలకి. వారానికి 240 యూరోలు, టిఫిను, రాత్రి భోజనంతో. వాళ్ల ఫీజు 150 వేరే, తిరిగి ఇవ్వరు. కాలేజీకి బస్సులో అరగంట అన్నారు. పొద్దున ట్రాఫిక్‌లో రెండు బస్సులు మారి గంటా పది నిమిషాలు పట్టేది. ఇక్కడి బస్సు కార్డు 'స్టూడెంట్ లీప్ కార్డు'తో 90 నిమిషాల్లో ఎన్ని బస్సులు మారినా ఒక్క యూరోనే, అదొక్కటే ఊరట. ఫారంలో శాకాహారం అని మూడు చోట్ల రాశాను. మొదటి రాత్రి ప్లేట్‌లో చేప ముక్క వచ్చింది. తప్పు ఆవిడది కాదు, ఆవిడకి ఎవరూ చెప్పలేదట. ఆ రాత్రి ఆవిడే ఎక్కువ కంగారు పడి, ఫ్రిజ్‌లో ఉన్న చీజ్, బ్రెడ్, ఉడకబెట్టిన బఠాణీలు అన్నీ బల్ల మీద పెట్టేసింది. ఏజెన్సీకి మెయిల్ పెడితే తొమ్మిది రోజులకి జవాబొచ్చింది: 'మీ అనుభవం బాగున్నందుకు సంతోషం' అని.

ఆవిడకి డెబ్బై దాటాయి. భర్త పోయారు, పిల్లలు ఒకరు కార్క్‌లో, ఇంకొకరు ఆస్ట్రేలియాలో. పేరు పెట్టి పిలవమంది. డెబ్బై ఏళ్లావిడని పేరు పెట్టి ఎలా పిలుస్తాం? మూడు వారాలు ఏ పిలుపూ లేకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడేదాన్ని. ఓ రోజు మెట్ల మీంచి 'ఆంటీ' అని నోరు జారింది. ఇక్కడ మామూలుగా మేనత్త, పిన్ని లాంటి బంధువుల్ని తప్ప అలా పిలవరు. ఆవిడ కాసేపు నవ్వి, ఫోన్‌లో కూతురికి కూడా చెప్పుకుంది. ఆ తర్వాత ఆంటీయే.

టీ విషయంలో మాత్రం మేం ఒకే ఊరివాళ్లం. అడగ్గానే ఒప్పుకోవడం మనకి మర్యాద కాదు కదా, వాళ్లకీ కాదు. 'టీ తాగుతావా?' అంటే నేను వద్దంటాను, ఆవిడ మళ్లీ అడుగుతుంది, మళ్లీ వద్దంటాను, మూడోసారికి కప్పు చేతిలో ఉంటుంది. అమెరికా వెళ్లిన మా అన్నయ్య ఒకసారి వద్దన్నందుకు రోజంతా టీ లేకుండా ఉన్నాడట. ఐర్లండ్‌లో ఆ భయం లేదు. పాలు పోస్తారు, కానీ మరిగించరు. దానికి అలవాటు పడాలి.

ఇక భాష. నాకు ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఏడున్నర వచ్చింది, అది ఈ ఇంట్లో దేనికీ పనికి రాలేదు. ఇక్కడ ప్రెస్ అంటే బీరువా, అల్మరా. హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా. అందులో తువ్వాళ్లు పెడితే వెచ్చగా ఉంటాయి, సగం తడి బట్టలు కూడా ఆరిపోతాయి. నవంబర్‌లో పెరటి తీగ మీద ఆరేసి, వాన చినుకు పడగానే ఇద్దరం పరుగెత్తడం, ఎండ కనపడితే మళ్లీ ఆరేయడం, ఇదే పని. హాట్ ప్రెస్ లేకపోతే నా జీన్స్ మార్చి దాకా ఆరేవి కావు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది 'ఇమ్మర్షన్'. వచ్చిన రెండో రోజు 'ఇమ్మర్షన్ ఆపావా?' అని అడిగింది. మన ఇళ్లలో బకెట్‌లో పెట్టే రాడ్డు అనుకుని, 'నేను తెచ్చుకోలేదండీ' అన్నాను. నిజానికి అది ట్యాంకులో నీళ్లు కాచే కరెంటు హీటర్. దానికి రెండు స్విచ్చులు: ఒకటి ఆన్, ఆఫ్‌కి, రెండోది 'సింక్', 'బాత్' అని. సింక్ అంటే పైన కొద్దిగా నీళ్లు కాగుతాయి, బాత్ అంటే ట్యాంకంతా. నేను ఓ రాత్రి బాత్ మీద వదిలేసి లైబ్రరీకి పోయాను. తిరిగొచ్చేసరికి ఆవిడ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడితేనే నయం అనిపించింది.

వంటింటి దగ్గరే అసలు బేరం నడిచింది. ఏజెన్సీ గడువు అయ్యాక నేరుగా మాట్లాడుకున్నాం: నెలకి 800, సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి భోజనం ఆవిడ పెడుతుంది, వారాంతంలో నా వంట నాది. మొదటి శనివారం పప్పుకి పోపు వేశాను. ఎండుమిర్చి మాడగానే ఇంట్లో పొగ అలారం మోగింది, పక్కింటాయన చీపురు పట్టుకుని వచ్చాడు, దాని పిడితో అలారం ఆపడానికి. ఆవిడ దగ్గుతూనే రూలు పెట్టింది: పోపు శనివారం మాత్రమే, రెండు నుంచి నాలుగు మధ్య, పెరటి తలుపు తెరిచి. డిసెంబర్‌లో తలుపు తెరిచి, జాకెట్ వేసుకుని, టోపీ పెట్టుకుని పోపు వేసేదాన్ని. నాలుగు దాటితే చీకటి కూడా పడిపోతుంది. వారం రోజులకీ సరిపడా పోపు ఒకేసారి వేసి సీసాలో పోసుకోవడం అక్కడే నేర్చుకున్నాను. కంది పప్పు, కరివేపాకు మూర్ స్ట్రీట్ వైపు దుకాణాల్లో దొరుకుతాయి. పాల పదార్థాలు యూరప్‌లోకి తేకూడదు, అమ్మ కట్టిన నెయ్యి డబ్బా హైదరాబాద్‌లో పిన్నికే ఇచ్చేసి వచ్చాను.

భోజనం ఎలా ఉంటుందంటే, బంగాళాదుంప. మెత్తగా మెదిపింది, కాల్చింది, కొన్నిసార్లు రెండూ ఒకే ప్లేట్‌లో. ఉప్పు తక్కువ, వెన్న ఎక్కువ. కానీ నాకు వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ పని ఉండేది, స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్‌లో అంతే చేయనిస్తారు. తిరిగొచ్చేసరికి రాత్రి పదిన్నర. ఆరు గంటలకి వడ్డించిన నా ప్లేట్ మీద రేకు కాగితం కప్పి ఓవెన్‌లో ఉండేది, దాని మీద చీటీ: 'వేడిగా ఉంది, చెయ్యి జాగ్రత్త'. ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు. పైన ఇచ్చిన నాలుగున్నరలో రెండు దీనికే.

పొద్దున్నే ఆవిడ చేసే మొదటి పని ఫోన్‌లో ఎవరెవరు పోయారో చూడటం. ఇక్కడ దానికి 'ఆర్‌ఐపీ డాట్ ఐఈ' అని సైటే ఉంది. మా తాతయ్య పేపర్‌లో శ్రద్ధాంజలి పేజీ నుంచి మొదలుపెట్టేవాడు, అచ్చం అలాగే.

ఇప్పుడు బాగోలేనివి. ఫ్రెండ్స్ రాకూడదు. బట్టల వాషింగ్ వారానికి ఒక్కసారే. రాత్రి పదకొండుకి హీటర్ బంద్. బ్యాంకు అకౌంట్‌కి అడ్రస్ ప్రూఫ్ కావాలంటే ఇంటి బిల్లులన్నీ ఆవిడ పేరు మీదే ఉన్నాయి, చివరికి కాలేజీ లెటర్‌తో పనయింది. వీటికన్నా పెద్ద విషయం ఒకటుంది. యజమాని ఉంటున్న ఇంట్లో గది తీసుకుంటే చట్టం దృష్టిలో మీరు అద్దెదారు కాదు, 'లైసెన్సీ'. గొడవైతే అద్దె వివాదాలు చూసే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డు మీ కేసు తీసుకోదు. కొద్ది రోజుల నోటీసుతో వెళ్లమన్నా వెళ్లాల్సిందే. ఇంటివాళ్లకి మాత్రం ఇలా గది ఇచ్చి ఏడాదికి 14,000 యూరోల దాకా సంపాదిస్తే ఆదాయపు పన్ను లేదు. నాకు మంచావిడ దొరికింది. మా క్లాస్‌మేట్‌ని క్రిస్మస్‌కి చుట్టాలొస్తున్నారని వారం ముందు ఖాళీ చేయించారు. అందుకే ఎన్ని రోజుల నోటీసు, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు, వంటింట్లో ఏం చెయ్యొచ్చు అన్నవి మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. పోపు గురించి కూడా. మొదటి చలికాలానికి డిగ్స్ సరే, ఏడాది మొత్తానికి నేనైతే వద్దంటాను.

మార్చి ఆఖర్లో ఖాళీ చేశాను. అడ్వాన్స్ 400 కవర్‌లో పెట్టి ఇచ్చింది. లెక్కపెట్టుకుంటే 415 ఉన్నాయి. కూల్‌డ్రింకుల ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు దుకాణం మెషీన్‌లో వేస్తే ఒక్కోదానికి 15 సెంట్లు, పెద్దదైతే 25 ఇస్తారు. ఏడు నెలలు ఆ సంచి మోసింది నేనే కాబట్టి ఆ డబ్బు నాదేనట.

ఇప్పుడు ఐదుగురు తెలుగువాళ్లం కలిసి ఓ ఇంట్లో ఉంటున్నాం. పోపు ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఇమ్మర్షన్ ఎవరూ ఆపరు. మొన్నే కరెంటు బిల్లు వచ్చింది, ఇంకా ఎవరూ కవర్ విప్పలేదు.