ఆర్ స్క్యూటీ కోసం నేను వాడే ఏఏవీఎస్ఓ చార్టు

నాలుగేళ్లుగా ఏఏవీఎస్ఓ సైటు వాడుతున్నాను. చర నక్షత్రాలను, అంటే కాంతి మారుతూ ఉండే నక్షత్రాలను గమనించేవాళ్ల కోసం 1911లో అమెరికాలో పుట్టిన సంఘం ఇది. నేను చూసే ఆర్ స్క్యూటీ అలాంటి చర నక్షత్రమే. దాన్ని గుర్తుపట్టే ఆకాశ పటానికి, అంటే చార్టుకు గానీ, మనం చూసి వేసిన కాంతి లెక్కలు పంపడానికి గానీ పైసా అక్కర్లేదు. ఐదుకు ఐదు ఇస్తాను.

మా కర్నూలు డాబా మీద నాకున్నవి 10x50 బైనాక్యులర్స్, ఒక చిన్న ఎర్ర లైటు. శ్రవణా నక్షత్రం నుంచి నైరుతికి దిగితే స్క్యూటం మండలం. అక్కడ పొగముద్దలా కనిపించే ఎం11 నక్షత్ర గుచ్ఛాన్ని పట్టుకుంటే, దానికి ఒక డిగ్రీ వాయవ్యంగా ఆర్ స్క్యూటీ దొరుకుతుంది.

సైట్లో పేరు కొడితే చార్టు వచ్చేస్తుంది. కాంతి మారని నక్షత్రాల పక్కన 56, 61 లాంటి అంకెలుంటాయి. 61 అంటే 6.1 మాగ్నిట్యూడ్. మాగ్నిట్యూడ్ అంటే కాంతి కొలత, అంకె పెరిగితే నక్షత్రం మసకగా ఉన్నట్టు. దశాంశ చుక్కను కూడా ఆకాశంలో చుక్కే అనుకుంటారని దాన్ని తీసేశారు. మన నక్షత్రం కాంతి ఆ రెండింటి మధ్య ఉండి, 61కి దగ్గరగా అనిపిస్తే 5.9 అని రాసుకుంటాను. తేరిపార చూడకూడదు. ఇది నారింజ ఛాయ నక్షత్రం, చూసేకొద్దీ ఉన్నదానికంటే కాంతిగా అనిపిస్తుంది.

దీని కాంతి తగ్గి పెరిగే ఒక పూర్తి విడత సుమారు 146 రోజులు. ఒకసారి బాగా, మరోసారి కొద్దిగా మసకబారడం దీని అలవాటు. 4.2 నుంచి 8.6 దాకా పోగలదు. కానీ ఆ వరసే ఒక్కోసారి తారుమారవుతుంది. ఈసారి బాగా తగ్గుతుందని లెక్కేసుకుని కూర్చుంటే కొంచెం తగ్గి మళ్లీ లేస్తుంది.

ఇది ఇష్టారాజ్యం కాదని 1996లో బుక్లర్, కొల్లాత్, సెర్, జానెట్ మాటెయ్ అనే పరిశోధకులు చూపించారు. నాలుగే నాలుగు చలరాశులతో (మారే విలువలతో) ఈ నక్షత్రం నడక అందుతుందని, అది కేయాస్ అని వాళ్లు తేల్చారు. అంటే నియమం ఉంది. కానీ మొదట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా కొన్ని విడతలయ్యేసరికి లెక్క పూర్తిగా దారి తప్పుతుంది. నక్షత్రం లోపల నెమ్మదిగా సాగే స్పందన, అంటే ఉబ్బి కుంచించుకునే కదలిక ఒకటి పెరుగుతూ పోతుంది. దాదాపు రెట్టింపు వేగంతో కొట్టుకునే ఇంకొకటి, వదిలేస్తే చల్లారిపోయేదే, దాని శక్తిని లాక్కుంటుంది. ఆ పరిశోధనకు ఆధారం ఈ సంఘం దగ్గర దశాబ్దాలుగా పోగైన లెక్కలే. నాలాంటివాళ్లు కంటితో చూసి రాసిన అంకెలు!

పోయిన ఆగస్టులో మబ్బులు పట్టి మూడు వారాలు డాబా ఎక్కలేదు. తర్వాత సైట్లో కాంతి గ్రాఫు తెరిస్తే, ఆ మూడు వారాల ఖాళీలో వేరే దేశాలవాళ్ల చుక్కలు నిండుగా ఉన్నాయి. వాటి వెనకే, వేరే రంగులో, మబ్బు విడిచిన రాత్రి నేను పెట్టిన చుక్క.