గుంటూరులో శనివారం పాట క్లాసులు: ఐదు నెలలు వెళ్లొచ్చాక నా మాట

వందనాలండి. పెదనందిపాడు వైపు ఒక చిన్న ఊళ్లో బట్టలు కుడతాను నేను. ఆదివారం మా లూథరన్ సంఘంలో పాట ఎత్తేది కూడా నేనే. మా క్వయర్ మొత్తం తొమ్మిది మందిమి: ఆరుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు, నేను. గుంటూరులో కొన్ని సంఘాలు కలిసి నడుపుకునే సంగీత సమాజం ఒకటుంది. వాళ్ల శనివారం క్లాసులకి పోయిన ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వెళ్లాం. "ఎట్లా ఉందక్కా, మా పిల్లల్ని పంపమంటావా" అని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడుగుతూనే ఉన్నారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఫీజు లేదు. జిరాక్సు కాగితాలకి మనిషికి అరవై రూపాయలు తీసుకున్నారు, అంతే. అక్కడ నేర్పేవాళ్లలో జీతం తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. పెద్దదిక్కు రిటైరైన రైల్వే గార్డుగారు. హాజరు వేసి, రానివాళ్లకి ఫోన్ చేసి కనుక్కునేది ఒక నర్సమ్మ. రాత్రి డ్యూటీ దిగి, రెండు గంటలు పడుకుని వచ్చిన శనివారాలు కూడా ఉన్నాయామెకి. డోలక్ తమ్ముడు ఆటో నడుపుతాడు. ఇంక ఇద్దరు పెద్దమ్మలున్నారు. టీ కాచడం, చాపలు పరవడం వాళ్ల పని అని మొదట్లో అనుకున్నాను. కానీ గొంతు పెగలని పిల్ల కనపడితే చాలు, వాళ్లలో ఒకరు వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుని, ఆ పిల్లకి మాత్రమే వినపడేటట్టు పాడతారు. మా చిన్నపిల్ల ఒకతి సెప్టెంబరు చివరికి నోరు తెరిచిందంటే అది వాళ్ల చలవే.

మొదటి మూడు వారాలూ మా కీబోర్డు మీద గుడ్డ తియ్యనివ్వలేదు. అది వాయించే మా అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు. కోత పండుగ కానుకల్లోంచి సంఘం ఇష్టపడి కొనిచ్చిన కీబోర్డు అది, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. గార్డుగారు వాడి భుజం మీద చెయ్యేసి, "నాయనా, ముందు నీ చెయ్యి లెక్కపెట్టడం నేర్చుకోవాలి. తర్వాత దాన్ని నీ చెయ్యి నడిపిస్తుంది. లేకపోతే అదే నిన్ను నడిపిస్తుంది" అన్నారు. ఆ మాటకి అర్థం నాలుగో వారం తెలిసింది.

మన కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా. ఇన్నేళ్లు పాడాను గానీ ఆ రెండు మాటల్నీ పేజీ నంబరులాగే చూశాను. తాళం త్రిపుట అని ఉన్న కీర్తన ఒకటి మా చేత పాడించారు. మేం ఎప్పటిలాగే కీబోర్డులో రిథమ్ నొక్కి పాడాం. అప్పుడు డోలక్ తమ్ముడు మమ్మల్ని ఆపి, ఆ పాటకి లెక్క ఏడు అని చూపించాడు. మూడు, రెండు, రెండు. మేం నొక్కిన రిథమ్ లెక్క నాలుగు, నాలుగు. ఏడుని ఎనిమిది చెయ్యడం కోసం ప్రతి వరస చివరా ఒక అక్షరాన్ని సాగదీస్తున్నాం, మాకు తెలియకుండానే. అందుకే ఆ పాట మా గుడిలో ఎప్పుడూ ఈడ్చినట్టు ఉండేది. ముసలివాళ్లు ఒక మాట ముందు, మేం ఒక మాట వెనక. తప్పు వాళ్లదని అనుకునేదాన్ని. ఏడు లెక్కన చెయ్యి వేస్తూ పాడేసరికి ఆ సాగతీత పోయింది, మాటలు వాటి చోట్లో అవి కూర్చున్నాయి. మా అబ్బాయి తనే లేచి రిథమ్ ఆపేశాడు.

ఆ పాటలు ఆ లెక్కలో ఎందుకున్నాయో కూడా ఓపిగ్గా చెప్పారు. మన పుస్తకంలో రెండు రకాలున్నాయి. దొరలు తెచ్చిన హిమ్స్‌కి తెలుగు మాటలు పెట్టినవి ఒక రకం. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చింది 1842లో, ఆ దారిన వచ్చిన పాట అది. మన కవులు మన రాగతాళాల్లో కట్టిన కీర్తనలు రెండో రకం. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రీస్తుని నమ్మి, పల్లవి చరణాలతో ఎన్నో కీర్తనలు రాసినవారు. మొదటి రకానికి సొప్రానో, ఆల్టో అని గొంతులు విడదీసి నేర్పించారు. రెండో రకానికి అందరికీ ఒకటే వరస, చేతిలో తాళం. రెంటినీ ఒకే పద్ధతిలో తోమెయ్యకూడదన్నదే వాళ్ల పట్టుదల. నాకది నచ్చింది.

శ్రుతి, అంటే పాట ఎంత ఎత్తులో ఎత్తాలన్న సంగతి, నాకు స్వయంగా తగిలింది. నా గొంతుకి ఐదో శ్రుతి హాయి, అందుకని అన్నీ అక్కడే ఎత్తేదాన్ని. ఒక శనివారం పెద్దమ్మల్నీ టీ కోసం వచ్చినవాళ్లనీ కూర్చోబెట్టి, వీళ్లే సంఘం అనుకుని పాడమన్నారు. పల్లవి అందరూ పాడారు. చరణం పైకి వెళ్లగానే మగవాళ్లు ఆగిపోయారు, పెద్దమ్మలు పెదవులు కదిపారు. నర్సమ్మ నాతో మెల్లగా, "నీ గొంతు బాగుందమ్మా, కానీ పాట నీ ఒక్కదానిదే అయిపోయింది" అంది. రెండున్నర శ్రుతికి దించి పాడించారు. అందరూ పాడారు. మా ఊళ్లో ఇప్పుడు ఏ పాటైనా ముందు మా మేనత్త చేత పాడించి చూసి, ఆమెకి అందిన చోటే ఎత్తుతున్నాను.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. మా నాన్న నలభై ఏళ్లు ఆ గుడిలోనే పాట ఎత్తాడు. ఆయన కీర్తనల పుస్తకం నా దగ్గరుంది, అట్ట ఊడితే నేనే గుడ్డేసి కుట్టాను. అందులో అక్షరాల మీద పెన్సిలుతో గీతలు, అక్కడక్కడా చిన్న సున్నాలు ఉంటాయి. పిల్లలం గీసిన పిచ్చిగీతలని అనుకున్నాను. ఒకరోజు జిరాక్సు కాగితం మర్చిపోయి ఆ పుస్తకమే తీసుకెళ్లాను. గార్డుగారు చూసి, కళ్లజోడు తుడుచుకుని, చేత్తో తొడమీద వేసుకుంటూ ఒక పేజీ అంతా లోపల్లోపలే పాడుకున్నారు. గీత దగ్గర దెబ్బ, సున్నా దగ్గర చెయ్యి తిప్పడం. "ఇది రాసినాయన తాళం తెలిసిన మనిషమ్మా" అన్నారు. మా నాన్న ఐదో తరగతి వరకే చదివాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడగడానికి ఇప్పుడాయన లేడు. ఆ సాయంత్రం మిగతా క్లాసు ఆ పుస్తకంలోంచే జరిగింది.

హార్మోనియం బాగుచెయ్యడం వాళ్ల పనుల్లో ఇంకోటి. ఒక వడ్రంగి తాత నెలకోసారి వస్తాడు. మా గుడి హార్మోనియంలో మూడు మెట్లు ఏడాదిగా సరిగ్గా పలకడం లేదు. రెండింటి రీడ్ల (గాలికి పలికే సన్నటి రేకుల) కింద దుమ్ము ఇరుక్కుంది, పల్చటి కాగితం దూర్చి లాగేస్తే పలికాయి. మూడోది శ్రుతి తప్పింది. రీడు కొస దగ్గర కాస్త గీకితే స్వరం పైకెళ్తుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. అది మా పిల్లల చేతే పట్టించి చూపించాడు. తోలు ముక్కకి మాత్రం డబ్బులు తీసుకున్నాడు.

ఇక లోపాలు. నాలుగింటికని చెప్పి నాలుగున్నర దాటాక గానీ మొదలుపెట్టరు. టౌన్లో వాళ్లకి అది ఇబ్బంది కాదు, మాలాంటి వాళ్లకి ఆ అరగంట చివర్లో బస్సు రూపంలో తగులుతుంది. ఫోన్లో పంపే పాటలకి పేర్లుండవు, ఏది ఏ పాటో వెతుక్కోవాలి. కుర్రాళ్లు ఇష్టపడే కొత్త ఆరాధన పాటలకి ఐదు నెలల్లో రెండే శనివారాలు ఇచ్చారు. పక్క ఊరి నుంచి వచ్చిన నలుగురు అబ్బాయిలు అందుకే మానేశారు. తాళం నేర్పాల్సింది ముఖ్యంగా వాళ్లకే కదా అని నా బాధ.

అన్నిటికంటే కష్టం అనిపించింది డిసెంబరులో జరిగిన కూడిక. క్వయర్లన్నీ ఒకే వేదిక మీద పాడాలి. దూరం నుంచి వచ్చిన మమ్మల్ని ఆఖరున పెట్టారు. మా వంతు వచ్చేసరికి రాత్రి పదికి పది నిమిషాలు తక్కువ, చిన్నపిల్లలు నా ఒళ్లో నిద్ర. సగం కుర్చీలు ఖాళీ. తిరుగు ప్రయాణానికి ఆటో మాట్లాడుకుంటే తొమ్మిది వందలైంది. మర్నాడు నర్సమ్మకి ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను. ఆమె సర్దిచెప్పలేదు, "తప్పు మాదేనమ్మా" అంది. వచ్చే కూడిక నుంచి ఊళ్ల క్వయర్లు ముందు పాడతాయని కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. పాట ఎత్తేవాళ్లూ హార్మోనియం వాయించేవాళ్లూ తప్పకుండా వెళ్లండి. స్టేజీ మీద సోలో పాడటానికి తయారవుదామనుకునేవాళ్లకి అది సరైన చోటు కాదు, అక్కడ ఒక్క గొంతుని ఎత్తి చూపరు. కొత్త బ్యాచ్ ఈస్టరు అయ్యాక మొదలు. పెన్సిలు, రబ్బరు తీసుకెళ్లండి, పెన్నుతో రాయనివ్వరు. నోట్‌బుక్ రెండొందల పేజీలది కొనండి, వంద పేజీలది మాకు అక్టోబరుకే అయిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ల పాత కీర్తనల పుస్తకం ఉంటే అదీ సంచిలో వేసుకెళ్లండి.