థర్లెస్‌లో బస: 1908 నాటి హర్లింగ్ విజేతల ఊరు

ఐర్లండ్ వెళ్ళి, కర్రతో బంతిని కొడుతూ ఆడే అక్కడి సంప్రదాయ ఆట హర్లింగ్ చరిత్ర చూడాలనుకునేవారు సాధారణంగా డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంతో సరిపెట్టుకుంటారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఈ ఆట ఎలా సాగిందో తెలియాలంటే మాత్రం టిప్పరరీ కౌంటీలోని థర్లెస్‌లోనే బస చేయాలని నా గట్టి అభిప్రాయం. అప్పట్లో కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలిచిన క్లబ్బే, చుట్టుపక్కల క్లబ్బుల నుంచి కొందరిని కలుపుకొని, కౌంటీ తరఫున అఖిల ఐర్లండ్ పోటీలకు వెళ్ళేది. జట్టుకు 17 మంది. 1908లో ఆ గౌరవం థర్లెస్ క్లబ్బుది. నాయకుడు టామ్ సెంపుల్. ఆ సీజన్ ఫైనల్ 1909లో గానీ జరగలేదు. డబ్లిన్‌తో సమానం కావడంతో ఏథీ పట్టణంలో మళ్ళీ ఆడి టిప్పరరీ గెలిచింది.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి కార్క్ మార్గంలో రైలు గంటన్నరలోపే థర్లెస్ చేరుస్తుంది. సెంపుల్ కూడా రైల్వే ఉద్యోగే. 1910లో ఊరివాళ్ళు కొన్న మైదానమే నేడు ఆయన పేరు మోస్తున్న సెంపుల్ స్టేడియం. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళవచ్చు. మ్యాచ్ లేని రోజున బయటి నుంచే చూడవలసి వచ్చింది కనుక, శరదృతువులో క్లబ్బుల ఫైనల్స్ జరిగే ఆదివారానికి సరిపడేలా ప్రయాణం పెట్టుకోవడం మేలు.

బస విషయంలో నేను ఖర్చు తగ్గుతుందని ఊరి చివర ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది, పొద్దుటి పలహారం బాగుంది, కానీ చీకటి పడ్డాక కాలిబాట లేని రోడ్డు మీద నడవాలి. పిలిచిన టాక్సీ ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. నాలుగు డబ్బులు ఎక్కువైనా లిబర్టీ స్క్వేర్ దగ్గరే గది తీసుకోవాలి. హర్లింగ్ వంటి ఐర్లండ్ దేశీయ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబరు 1న పుట్టిన హేస్ హోటల్ ఆ చౌకులోనే ఉంది. శాకాహారులకు రాత్రి భోజనంలో సూపు, రొట్టె, బంగాళాదుంప మినహా పెద్దగా ఏమీ దొరకలేదు.

ఊళ్ళోనే ఉన్న ఈ దేశీయ ఆటల మ్యూజియం, లార్ నా పార్క్యె, తెరిచే వేళలు ముందే కనుక్కొని వెళ్ళండి. అక్కడ ఒక పాత హర్లింగ్ కర్ర ముందు చాలాసేపు నిలబడ్డాను. బూడిద రంగు తిరిగిన, యాష్ అనే చెట్టు చెక్క. చేతులు పట్టి పట్టి పిడి నున్నబడింది. బంతిని కొట్టే కొస నేటి కర్రలకన్నా సన్నగా, వంపు తిరిగి ఉంది. ఇలాంటి కర్రతో పరిగెడుతూ బంతిని గాల్లోనే కొట్టేవారంటే ఆ ఆటగాళ్ళ మీద గౌరవం పెరిగింది.

1908కి ముందు టిప్పరరీని గెలిపించిన క్లబ్బుల ఊళ్ళు టబ్బరడోరా, హార్స్ అండ్ జాకీ, టూ మైల్ బారిస్ దగ్గరలోనే ఉన్న చిన్న పల్లెలు. బస్సులను నమ్ముకుంటే పొద్దు పోతుంది. కారు అద్దెకు తీసుకుంటే ఒక్క పూటలో మూడూ చూసి, దారిలో హోలీక్రాస్ మఠం వద్ద కూడా ఆగవచ్చు.