సోలార్ పెట్టించాక ఏ కరెంటు ప్లాన్ మేలు?

ప్యానెళ్లు పెట్టించుకున్న వాళ్లు తరచూ అడిగేది ఇదే: "మిగిలిన కరెంటుకి ఏ ప్లాన్‌లో ఎక్కువ రేటు ఇస్తారు?" నన్నడిగితే ముందు చూడాల్సింది అది కాదు. పొద్దు వాలాక గ్రిడ్ నుంచి, అంటే కరెంటు కంపెనీ లైను నుంచి, ఎన్ని యూనిట్లు లాగుతున్నారు, ఆ గంటల్లో యూనిట్ ఎంత? బిల్లు తేలేది అక్కడే.

యూనిట్‌కి యూనిట్ సర్దేసే నెట్ మీటరింగ్ ఉన్నవాళ్లు మాత్రం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఒకే రేటు ప్లాన్‌లో ఉండిపోండి. మిగులు యూనిట్లు ఎన్నాళ్లు ఖాతాలో ఉంటాయో కనుక్కుంటే చాలు. కొనే రేటు వేరు, అమ్మే రేటు వేరు అయినప్పుడే అసలు తలనొప్పి.

ఒక ఇల్లు రోజుకి 6 యూనిట్లు గ్రిడ్‌కి పంపి, 6 తీసుకుంటోందనుకుందాం. తీసుకునే వాటిలో 4 సాయంత్రం పీక్ గంటల్లోవి, అంటే అందరి వాడకం ఎక్కువగా ఉండే వేళవి. ఒకే రేటు ప్లాన్‌లో యూనిట్ కొనేది 10 రూపాయలకి, అమ్మేది 4కి అనుకుంటే రోజుకి పడేది 36. ఎక్కువ ఇస్తామని ఊరించే ప్లాన్‌లో అమ్మేది 6, కానీ కొనేది 12. లెక్కేస్తే అదీ 36! మబ్బు పట్టిన రోజు 2 పంపి 8 తీసుకుంటే మొదటి ప్లాన్‌లో 72, రెండోదాంట్లో 84. పైగా ఆ ఊరించే రేటు రోజుకి మొదటి కొన్ని యూనిట్లకే అన్న షరతు ఉండొచ్చు, చదువుకోండి.

ఇక వేళను బట్టి రేటు మారే టైమ్ ఆఫ్ డే ప్లాన్. పీక్‌లో 14, మిగతా వేళల్లో 5, అమ్మేది అదే 4 అనుకుందాం. అలవాట్లు మార్చకుండా ఇందులో చేరితే రోజుకి 42. వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, నీళ్ల మోటారు మధ్యాహ్నానికి జరిపి పీక్‌లో 2 యూనిట్లు తగ్గిస్తే (అవి మీ ప్యానెళ్ల కరెంటుతోనే నడుస్తాయి కాబట్టి అమ్మేవీ 2 తగ్గుతాయి) 22కి దిగుతుంది. బాగానే ఉంది కానీ, అదే పని ఒకే రేటు ప్లాన్‌లో చేసినా 24 అవుతుంది. ఆ కాస్త తేడా కోసం రోజూ గడియారం చూసుకుంటూ టెన్షన్ పడటం నా వల్ల కాదు.

ఎలక్ట్రిక్ కారు ఉంటే మాత్రం కథ వేరు. అర్ధరాత్రి చార్జింగ్‌కి ఇంకో 6 యూనిట్లు పడితే టైమ్ ఆఫ్ డేలో పెరిగేది 30, ఒకే రేటులో 60. అప్పుడు రెండో ఆలోచన అక్కర్లేదు. పీక్ గంటలు గట్టెక్కించే బ్యాటరీ ఉన్నా అంతే.

నెలలో ఒకేసారి లాగిన గరిష్ఠ లోడును బట్టి వడ్డించే డిమాండ్ చార్జీ ప్లాన్లు మామూలు ఇళ్లకు దండగ. ఏసీ, గీజర్ ఒకేసారి వేసిన ఒక్క సాయంత్రం చాలు, నెలంతా దెబ్బ పడటానికి. ఎన్ని యూనిట్లు వాడారన్న దానితో పని లేకుండా పడే ఫిక్స్‌డ్ చార్జీ కూడా చూడండి. సోలార్ ఇల్లు కొనే యూనిట్లు తక్కువ కాబట్టి బిల్లులో దాని వాటా పెద్దదిగా ఉంటుంది.

మీ ఇంటి లెక్క మీటర్‌లోనే ఉంది. చాలా మీటర్లలో డిస్‌ప్లే మారుతున్నప్పుడు 1.8.0 అని వచ్చేది గ్రిడ్ నుంచి తీసుకున్న మొత్తం, 2.8.0 పంపిన మొత్తం. ఒక వారం పాటు పీక్ మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు 1.8.0 రీడింగ్ రాసిపెట్టుకోండి. తీసుకున్న యూనిట్లలో పీక్ వాటా, పై రేట్లతో అయితే, సగం కంటే కాస్త ఎక్కువ దాకా ఉన్నా టైమ్ ఆఫ్ డే గిట్టుబాటే. మూడింట రెండు వంతులుంటే ఒకే రేటు ప్లాన్ వదలకండి.