ఇంటర్‌సెప్టర్ 650కి వెనక్కి వంగిన హ్యాండిల్: చేతులు పొట్టిగా ఉన్నవాళ్ల కోసం

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి బయట కొన్న హ్యాండిల్ వేయించి ఏడాది దాటింది. ఎండాకాలం, వానాకాలం రెండూ దాని మీదే గడిచాయి కాబట్టి ఇప్పుడు నమ్మకంగా రాయగలను. ముందే చెప్పేస్తున్నా, నాలాగా ఐదడుగుల మూడంగుళాల ఎత్తున్నవాళ్లు దూరాలు తిరుగుతుంటే దీనికి డబ్బు పెట్టొచ్చు. ఐదడుగుల పది అంగుళాలు దాటినవాళ్లకి కంపెనీ హ్యాండిలే చక్కగా సరిపోతుంది, దాన్ని కదిలించొద్దు.

నేను కర్నూలులో పళ్ల డాక్టర్ని. ఆదివారం వస్తే బండి తీస్తాను. ఓర్వకల్లు, బనగానపల్లె, బేలం గుహల మీదుగా గండికోట ఒక దారి. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఇంకో దారి. ఎక్కడికీ తోచకపోతే 44వ నంబరు హైవే ఎక్కి హైదరాబాద్ వైపు. బండి అంటే నాకు ప్రాణం. 648 సీసీల జంట సిలిండర్ ఇంజన్ ఎనభైలో సాఫీగా పోతుంటే కలిగే హాయి వేరు. అయితే గంటన్నర దాటేసరికి రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయేవి. కుడి భుజం రెక్క కింద సన్నగా నొప్పి మొదలయ్యేది. సోమవారం పొద్దున్నే ఒకరి నోట్లో సూది, డ్రిల్లు పెట్టాల్సిన వేళ్లు ఇవి. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి నాకు టెన్షన్ పట్టుకునేది.

ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నది గమనించుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. చిటికెన వేలికి, ఉంగరం వేలిలో సగానికి స్పర్శనిచ్చేది అల్నార్ నరం. అరచేయి మణికట్టుని కలిసే చోట, చిటికెన వేలి వైపు, అది చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. ఒళ్లు ముందుకు వాలి బరువంతా అక్కడ ఆనినా, మణికట్టు బయటి వైపుకి వంకర తిరిగి ఉండిపోయినా ఆ నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారితే అది మీడియన్ నరం. గ్రిప్పు మరీ బిగించి పట్టుకోవడం, మణికట్టు పైకో కిందికో మడిచి ఉంచడం దానికి మామూలు కారణాలు. అలాంటివాళ్లు హ్యాండిల్ మార్చే ముందు బ్రేకు, క్లచ్ లివర్ల కోణం సరిచేసుకుని చూడాలి. బండి దిగి గంటలు గడిచినా, మర్నాటికి కూడా తిమ్మిరి వదలకపోతే అది మెకానిక్ చూసే సమస్య కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నా బండి 2021ది. కంపెనీ హ్యాండిల్ వెడల్పుగా, మధ్యలో అడ్డకమ్మీతో, గ్రిప్పులు దాదాపు తిన్నగా పక్కలకి చాచి ఉంటుంది. లివర్లని దగ్గరికి జరుపుకునే వీలు 2023 నుంచి వచ్చిన బళ్లకే ఇచ్చారు, నా దానికి లేదు. చేతులు పొడుగున్నవాళ్లకి ఆ వెడల్పు హాయిగా ఉంటుంది. నేనేమో భుజాలు ముందుకు లాక్కుని, మణికట్టు బయటికి తిప్పి అందుకోవాలి.

ఇది మీకూ వర్తిస్తుందో లేదో ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. సెంటర్ స్టాండ్ వేసి కూర్చోండి, లేదంటే ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమనండి. కళ్లు మూసుకుని భుజాలు వదులు చేసి, గ్రిప్పులు ఉండాల్సిన చోట ఉన్నాయనుకుని చేతులు చాపండి. అలాగే ఉండి పక్క నుంచి ఒక ఫొటో, పైనుంచి ఒక ఫొటో తీయించుకోండి. తర్వాత మామూలుగా గ్రిప్పులు పట్టుకుని మళ్లీ అవే రెండు ఫొటోలు. మోచేతి నుంచి వేళ్ల కణుపుల దాకా గీత తిన్నగా రావాలి. నా ఫొటోల్లో చేతులు ఊరికే చాపినప్పుడు ఉన్న చోటికీ గ్రిప్పులు ఉన్న చోటికీ మధ్య రెండంగుళాల తేడా కనిపించింది. ఎత్తులో తేడా అంతగా లేదు. నాకు కావలసింది వెనక్కి రావడం.

అందుకే రైజర్లు వద్దనుకున్నాను. రైజర్లంటే హ్యాండిల్ కింద పెట్టే దిమ్మలు. అవి చవక, గంటలో పని అయిపోతుంది. అవి హ్యాండిల్‌ని పైకి లేపుతాయి, కొన్ని రకాలు కొంచెం వెనక్కి కూడా తెస్తాయి. గ్రిప్పు కోణం మాత్రం పాతదే ఉంటుంది, అంటే మణికట్టు వంకర అలాగే మిగిలిపోతుంది. నిలబడి నడిపేవాళ్లకి, పొడుగువాళ్లకి రైజర్లు మంచి బేరం.

హ్యాండిల్ హైదరాబాద్ పుత్లీబౌలిలో కొన్నాను. పెట్టె మీద పేరున్న కంపెనీ ఏదీ లేదు, కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆ వస్తువు గురించే. అల్యూమినియం, నల్ల రంగు, అడ్డకమ్మీ లేదు. ఇంటర్‌సెప్టర్ క్లాంపుకి, అంటే హ్యాండిల్‌ని మధ్యలో బిగించి పట్టే భాగానికి, 22 మి.మీ. బార్ కావాలి. 28 మి.మీ. లావు బార్లు కూడా షాపుల్లో అదే వరసలో వేలాడుతుంటాయి, చూసి తీసుకోండి. నేను నాలుగు విషయాలు చూశాను. మధ్యలో క్లాంపు పట్టే చోట గరుకు గీతలు లోతుగా, ఒకే తీరుగా ఉన్నాయా? వంపుల దగ్గర గొట్టం నొక్కుకుపోయి కోడిగుడ్డులా అయిందా? గాజు కౌంటర్ మీద పెడితే రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఎక్కడైనా అతుకు ఉందా? కౌంటర్ మీద మొదట పెట్టినది ఒక వైపు లేచింది. షాపాయన మారుమాట లేకుండా ఇంకోటి తీసిచ్చాడు. ఇంటికొచ్చాక పాతదాన్నీ దీన్నీ నేల మీద పక్కపక్కన పెట్టి కొలిస్తే ఎత్తు ఒక అంగుళం ఎక్కువ, గ్రిప్పులు అంగుళంన్నర పైన వెనక్కి, మొత్తం వెడల్పు రెండంగుళాలు తక్కువ.

బిగించడం దగ్గరే అసలు కథ ఉంది. ఇంటర్‌సెప్టర్ స్విచ్‌ల డబ్బాల లోపల చిన్న పిన్ను ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. అది హ్యాండిల్‌కి ఉన్న చిల్లులో కూర్చుంటుంది కాబట్టి డబ్బా తిరిగిపోదు. బయట కొన్న హ్యాండిల్‌కి ఆ చిల్లులు ఉండవు. ఊళ్లో మొదట అడిగిన ఒక షాపులో "పిన్ను గీకేస్తే ఐదు నిమిషాల పని మేడమ్, అందరికీ అట్లే చేస్తాం" అన్నారు. యాక్సిలరేటర్ వైర్లు దిగేది కుడి వైపు డబ్బాలోంచే. దానికి పిన్ను ఆధారం తీసేసి రెండు స్క్రూల పట్టు మీద వదిలేయడం నాకు నచ్చలేదు. బండి వెనక్కి తెచ్చుకున్నాను.

కర్నూలు పాతబస్తీలో ఎన్నో ఏళ్లుగా బుల్లెట్ బళ్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన చిల్లు మాట ఎత్తకుండా ముందు నన్ను బండెక్కమన్నాడు. "మీ చేతికి సెట్టయినాక చిల్లు పెడదాం డాక్టరమ్మా. ముందే పెడితే అది మీకు కాదు, నాకు సెట్టయితాది" అన్నాడు. క్లాంపు వదులుగా ఉంచి హ్యాండిల్‌ని వేలెడు ముందుకి, వేలెడు వెనక్కి తిప్పుతూ, నా మణికట్టు తిన్నగా కనపడేదాకా ఓపిగ్గా చూశాడు. ఆ తర్వాత క్లాంపు బిగించి, పిన్ను కొనకి తెల్ల పెయింటు బొట్టు పెట్టి, డబ్బాని సరిగ్గా ఉండాల్సిన కోణంలో హ్యాండిల్‌కి ఆనించి తీశాడు. నల్ల గొట్టం మీద ఆవగింజంత తెల్ల చుక్క పడింది. దాని మీద పంచ్‌తో ఒక దెబ్బ, సన్నటి బిట్టుతో ఒక చిల్లు, మళ్లీ పిన్ను సైజు బిట్టుతో ఇంకోసారి. అల్యూమినియం బిట్టుకి అంటుకోకుండా మధ్యమధ్య కిరోసిన్ చుక్క వేశాడు. చిల్లు అంచుల్ని సన్న ఆకురాయితో నున్నగా చేసి, వేలితో తడిమి చూసుకుని, నా వేలితో కూడా తడిమించాడు. పిన్ను ఆ చిల్లులో టక్కున కూర్చుంది.

తర్వాత వైర్లు. నేను కొన్న ఎత్తుకి కంపెనీ వైర్లు, ముందు బ్రేకు పైపు సరిపోయాయి. బ్రేకు పైపుని ఒక క్లిప్పులోంచి తప్పించి మళ్లీ సర్దాల్సి వచ్చిందంతే. ఇంతకంటే బాగా ఎత్తున్నది కొంటే పొడుగు పైపు కావాలి, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి బ్రేకుల్లో గాలి తీయించాలి. ఖర్చూ పనీ రెండూ రెట్టింపవుతాయి. క్లచ్ వైరు కూడా అందక బిగుసుకుంటుంది.

ఇంజన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి చూడకుండా షాపులోంచి కదలకండి. తిప్పినప్పుడు ఇంజన్ చప్పుడు పెరిగిందంటే యాక్సిలరేటర్ వైరు గుంజుకుంటున్నట్టే. మలుపులో దానంతట అది రేజ్ అయితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అలా తిప్పినప్పుడే ట్యాంకుకీ మీ బొటనవేలికీ మధ్య సందు ఉండాలి. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే చప్పున వెనక్కి రావాలి. బ్రేకు ఆయిల్ డబ్బా పక్కకి వాలిపోకుండా ఉండాలి. ఇవన్నీ భాయ్ నా ముందే చేసి చూపించాడు. క్లాంపు బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) బిగించి, రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మని చెప్పి, వెళ్తే అన్నీ ఇంకోసారి చూశాడు. కర్నూలులో ఎవరు హ్యాండిల్ మార్పించుకోవాలన్నా ఆయన దగ్గరికే పంపుతున్నాను.

ఇక ఫలితం. వేళ్ల తిమ్మిరి గంటన్నరకి వచ్చేది, ఇప్పుడు మూడు గంటలు ఆగకుండా నడిపినా రావట్లేదు. భుజం రెక్క నొప్పి పూర్తిగా పోయింది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో తేడా బాగా తెలిసింది. అక్కడ రాత్రి 9కి అడవి దారి గేటు మూసేస్తారు కాబట్టి సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆగి చేతులు దులుపుకునే తీరిక ఉండదు. ఇప్పుడు మోచేతులు కొంచెం వంగి వదులుగా ఉంటున్నాయి, గుంతలో పడినా దెబ్బ భుజాలదాకా ఎక్కడం లేదు.

నష్టాలూ ఉన్నాయి. నిటారుగా కూర్చోవడం వల్ల గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. ఎనభై, తొంభై దాకా పర్లేదు, నూరు దాటితే హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నట్టే ఉంటుంది. ఈ బండికి ముందు అద్దం లేదు కాబట్టి హైవే మీద వేగంగా పోయేవాళ్లు చిన్న విండ్‌షీల్డ్ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. చేతుల మీది బరువు తగ్గి తోక ఎముక మీదికి వచ్చింది, కంపెనీ సీటు గట్టిదనం ఇప్పుడు బాగా తెలుస్తోంది. వెడల్పు తగ్గడంతో రెండొందల కిలోలు దాటిన బండిని పార్కింగ్‌లో తిప్పడానికి మునుపటికంటే ఎక్కువ బలం పెట్టాలి. హ్యాండిల్ కొసల్లో ఉండే పాత బార్ ఎండ్ బరువులు దీనికి పట్టలేదు. రబ్బరు ఉబ్బి పట్టుకునే రకం వేరే కొన్నాను. అవి లేకుండా నడిపితే గ్రిప్పుల్లో సన్నటి వణుకు వస్తుంది, వాటి దగ్గర పొదుపు చేయకండి. అల్యూమినియం గురించి ఒక జాగ్రత్త కూడా ఉంది. బండి పడి బార్ వంగితే కొట్టి తిన్నగా చేయించకూడదు, పైకి కనపడని పగులు ఉండొచ్చు. పారేసి కొత్తది వేయాలి.

చట్టం సంగతి చాలామంది అడిగారు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నేను ఇన్సూరెన్స్ వాళ్లకి ఫొటోలతో మెయిల్ పెట్టి జవాబు తీసుకున్నాకే పనిలోకి దిగాను. వారంటీలో ఉన్న బండైతే సర్వీస్ సెంటర్‌లో కూడా ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

హ్యాండిల్ 2,600, బార్ ఎండ్లు 700, కొత్త గ్రిప్పులు 450, భాయ్ కూలీ 900, అంతా కలిపి 4,650 రూపాయలు అయింది. పాత గ్రిప్పులు జిగురుతో అంటించి ఉంటాయి, తీసేటప్పుడు చిరుగుతాయి కాబట్టి కొత్తవి ముందే కొని పెట్టుకోండి. కంపెనీ హ్యాండిల్‌ని మాత్రం అమ్మకండి. నూనె గుడ్డతో తుడిచి, పాత బార్ ఎండ్లతో సహా కట్టి అటక మీద పెట్టాను. బండి అమ్మే రోజు వస్తే కొనేవాళ్ల చేతులు ఎంత పొడుగో తెలీదు కదా.