గోపాల్‌పూర్ నుంచి రంభ దాకా, తొందర లేకుండా

విశాఖ నుంచో రాజమండ్రి నుంచో చుట్టాలు ఫోన్ చేసి “మూడు రోజులు సెలవుంది, కారులో వస్తున్నాం, గోపాల్‌పూర్, చిలకా, పూరీ, కోణార్క్ అన్నీ అయిపోతాయి కదా” అంటుంటారు. అయిపోతాయి, వాటితో పాటు మీరూ అయిపోతారు అంటుంది మా అత్తయ్య. ఆవిడ ఒడిశాలోని ఈ బరంపురంలోనే పుట్టి పెరిగిన మనిషి. నేనేమో సోంపేట అమ్మాయిని, పెళ్లయి ఇక్కడికి వచ్చాను. వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఈ తీరం వెంబడి తిప్పే డ్యూటీ నాకే పడుతుంది కాబట్టి, అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు పూరీని ఈ ట్రిప్పులోంచి తీసేయండి. పూరీకి వెళ్తే దర్శనం, క్యూ, ప్రసాదం, పార్కింగ్, ఇవన్నీ ఉంటాయి, దానికి వేరే మనసు, వేరే సెలవు కావాలి. సముద్రం పక్కన నింపాదిగా తిరగాలంటే ఇచ్ఛాపురం దాటిన దగ్గర్నుంచి చిలకా సరస్సు ఒడ్డున ఉన్న రంభ దాకా ఈ ముక్క చాలు, హైవే మీద లెక్కేస్తే వంద కిలోమీటర్లు కూడా ఉండదు. గోపాల్‌పూర్‌లో రెండు రాత్రులు, రంభలో ఒక రాత్రి, రెండే బసలు. విశాఖ నుంచి బరంపురం 260 కిలోమీటర్ల చిల్లర, ఆ మొదటి రోజు ఎలాగూ అయిదారు గంటలు కూర్చోక తప్పదు, ఆ తర్వాత మాత్రం రోజుకు గంటన్నరకు మించి డ్రైవింగ్ పెట్టుకోకండి.

ఎప్పుడు రావాలి అంటే, దసరాకి మాత్రం వద్దు. మనవాళ్లందరికీ సెలవులు దొరికేది అప్పుడే, ఈ తీరానికి తుపాన్లు వచ్చేదీ అప్పుడే. 2013లో ఫైలిన్ అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, సరిగ్గా పండుగ రోజుల్లో. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస వైపు దాటి మా పుట్టింటి వైపు కొబ్బరి తోటల్ని ఊడ్చేసింది. తుపాను లేకపోయినా దుర్గా పూజకి బెంగాల్ నుంచి జనం దిగుతారు, రూముల రేట్లు ఆకాశంలో ఉంటాయి. నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా బాగుంటుంది, క్రిస్మస్ వారం తప్పించి. శని, ఆదివారాలు కాకుండా మంగళ, బుధవారాల్లో వస్తే గోపాల్‌పూర్ వేరే ఊరిలా ఉంటుంది.

వచ్చే దారిలో ఒక చోట ఆగాలనుకుంటే బారువ. సోంపేట దగ్గర హైవే దిగితే కొద్ది దూరమే, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, పాత రేవు. పుట్టింటి మమకారంతో చెప్తున్నానని అనుకున్నా ఫరవాలేదు, కొబ్బరి నీళ్లు తాగి, కాళ్లు చాపుకుని ఒక గంట కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. ఇచ్ఛాపురం దాటాక పాటి సోనాపూర్ అని ఒడిశాలో మొదటి బీచ్ వస్తుంది, బాహుదా నది సముద్రంలో కలిసేది అక్కడే. ఇసుక శుభ్రంగా ఉంటుంది, జనం తక్కువ, అలాగే సదుపాయాలూ తక్కువ. మంచినీళ్లు, తిండి వెంట తీసుకెళ్లి, చీకటి పడకముందే బయటపడేలా చూసుకోండి.

ఇక గోపాల్‌పూర్. బరంపురం నుంచి పదిహేను కిలోమీటర్ల పైన ఉంటుంది. ఇప్పుడు చూస్తే చిన్న బీచ్ ఊరు, కానీ ఒకప్పుడు ఇది పెద్ద రేవు, గంజాం నుంచి బర్మాకు కూలి పనికి వెళ్లినవాళ్లు ఓడ ఎక్కింది ఇక్కడే. మా వీధిలో ముసలివాళ్ల నోట తాతలు రంగం, అంటే రంగూన్, వెళ్లిన కబుర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. ఒడ్డున కూలిపోయిన పాత గోడలు కనిపిస్తాయి, అవి ఆ రోజుల నాటి గిడ్డంగులు, బంగళాలు. లైట్‌హౌస్ ఎక్కాలంటే సాయంత్రం కొద్దిసేపే అనుమతి, కాబట్టి చేరిన రోజే టైమ్ కనుక్కుని పెట్టుకోండి, పైనుంచి తీరం వంపు మొత్తం కనిపిస్తుంది.

బస విషయానికి వస్తే, డబ్బుకి వెనకాడని వాళ్లకి మేఫేర్ పామ్ బీచ్ ఉంది. బ్రిటిష్ కాలం నాటి హోటల్, మధ్యలో ఒబెరాయ్ వాళ్ల చేతిలో కొన్నాళ్లు ఉంది. తోట, పాత కట్టడం అందం, నేరుగా బీచ్‌లోకి దారి, అన్నీ ఉన్నాయి. ఊరు చూడకుండా హోటల్లోనే ఉండిపోయే వాళ్లకి అది సరిపోతుంది. మామూలు ఫ్యామిలీకైతే నేను చెప్పేది బీచ్ రోడ్డు మీద కాకుండా ఒక వీధి వెనక ఉన్న లాడ్జీలు. బీచ్ రోడ్డు మీద రాత్రి పొద్దుపోయేదాకా బళ్ల హారన్లు, తినుబండారాల బళ్ల గోల ఉంటుంది, పైగా ఉప్పు గాలికి ఏసీలు, గీజర్లు తుప్పు పట్టి సగం పని చేస్తాయి. వెనక వీధి నుంచి నడిస్తే అయిదు నిమిషాలు, రేటు చాలా తేడా.

“సీ వ్యూ” అన్న మాటని మాత్రం నమ్మకండి. మా ఆడపడుచు వాళ్లు వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో సీ వ్యూ అని ఎక్కువ డబ్బు కట్టి ఒకచోట రూమ్ తీసుకున్నాం. బాల్కనీలోకి వెళ్తే ఎదురుగా పక్క బిల్డింగ్ నల్ల ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు, దాని మూత మీద ఒక కాకి, ట్యాంకుకీ గోడకీ మధ్య జానెడు సందులో నీలంగా ఒక గీత. అదే సముద్రం! రిసెప్షన్ కుర్రాడు ఏమాత్రం మొహమాటం లేకుండా “కనిపిస్తోంది కదా మేడమ్” అన్నాడు. బుక్ చేసే ముందు వీడియో కాల్ చేసి కిటికీలోంచి చూపించమనండి. అలాగే వేడి నీళ్లు ఏ టైమ్‌లో వస్తాయి, లిఫ్ట్ ఉందా, డ్రైవర్‌కి పడుకోవడానికి చోటుందా అన్నవి అప్పుడే అడిగేయండి, పెద్దవాళ్లు వెంట ఉంటే ముఖ్యంగా లిఫ్ట్.

గోపాల్‌పూర్‌లో స్నానానికి దిగే ముందు ఒక మాట. ఇక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. మోకాలి లోతే కదా అనుకునేలోపు నడుము దాటుతుంది. ఒడ్డున ఉండే నోలియాలని, అంటే మన వాడబలిజ జాలర్లని, తోడు తీసుకుని దిగండి. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, 1936లో ఒడిశా ఏర్పడే దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. “అన్నా, పిల్లల్ని కాస్త పట్టుకుంటావా” అని తెలుగులో అడిగితే మొహం విచ్చుకుంటుంది, డబ్బులు ఎంతో ముందే మాట్లాడుకోండి.

పొద్దున్నే ఆరింటికి లేచి లైట్‌హౌస్ దాటి ఉత్తరంగా నడవండి, వల లాగుతూ ఉంటారు. రెండు తాళ్లు, ఒక్కో తాడుకి పదీ పదిహేను మంది, వెనక్కి అడుగులేస్తూ లాగుతారు, ఆఖరున ఉన్నవాడు తాడు చుట్టి పెట్టి మళ్లీ నీళ్ల దగ్గరికొచ్చి ముందు పట్టుకుంటాడు. వల సంచి ఒడ్డుకు రావడానికి గంట పైన పడుతుంది. అంతసేపూ ఒకటే పాటలాంటి కేక, వల తెరిచాక ఒక్కోరోజు మెత్తళ్లు తప్ప ఏమీ ఉండవు. చందువాలు పడితే అక్కడికక్కడే వేలం, మీరూ కొనుక్కోవచ్చు, కొన్ని చిన్న హోటళ్లు తెచ్చిన చేపని మసాలా ఖర్చు తీసుకుని వండి పెడతాయి.

తిండి గురించి చెప్పాలంటే, గోపాల్‌పూర్ హోటళ్లన్నీ బెంగాలీ టూరిస్టుల్ని చూసి వండుతాయి, చేపల కూరలో ఆవఘాటు ఎక్కువ, మన నోటికి కారం తక్కువ. ఇడ్లీ, దోసెల మీద బెంగ పెట్టుకున్నవాళ్లు బరంపురం రండి, మన టిఫిన్లకి కొదవ లేదు. వచ్చాక బరంపురం పట్టు చీరల దుకాణాల్లోకి ఆడవాళ్లు వెళ్తే అర రోజు పోతుందని ముందే లెక్కలో వేసుకోండి. అప్పడాలు, ఊరగాయలు కూడా ఇక్కడ ఫేమస్సే.

గోపాల్‌పూర్ నుంచి రంభకి బయలుదేరిన రోజు దారిలో ఆగడానికి చాలా చోట్లున్నాయి, అన్నీ ఆగొద్దు. ఛత్రపురం దగ్గర ఆర్యపల్లి బీచ్ సరుగుడు తోటల నీడలో పిల్లలు ఆడుకోవడానికి బాగుంటుంది. పక్కనే తంపారా మంచినీటి సరస్సు, బోటింగ్ ఉంది, చిలకా చూడబోతున్నవాళ్లకి అనవసరం. ఋషికుల్య ఒడ్డున కొండ మీద తారాతారిణి అమ్మవార్ల గుడికి రోప్‌వే ఉంది కాబట్టి పెద్దవాళ్లనీ తీసుకెళ్లొచ్చు, కాకపోతే హైవే వదిలి లోపలికి పోవాలి, చైత్ర మంగళవారాల్లో రద్దీకి ఆ దరిదాపులకే వెళ్లలేం.

ఫిబ్రవరి, మార్చిలో వచ్చేవాళ్లందరూ అడిగేది తాబేళ్ల గురించి. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పురుణబంధ, పోడంపేట ఊళ్ల దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి, అంతకు ముందు ఏడాది మాత్రం సామూహికంగా రానేలేదు. అందుకే తాబేళ్ల కోసమే సెలవు పెట్టి టికెట్లు కొనుక్కోవద్దంటాను. అవి గాలిని, అలల్ని చూసుకుని వస్తాయి. వచ్చాయని తెలిసినా అటవీ శాఖ వాళ్లు కంచె అవతలి నుంచే చూడనిస్తారు, టార్చి, ఫ్లాష్ వేయకూడదు. తల్లి వెనక కాళ్లతో గుంట తవ్వి, ఒక్కో గుడ్డూ అందులో వదిలి, మళ్లీ ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపుతూ పైన అదిమి వెళ్లిపోతుంది, ఇక వెనక్కి తిరిగి చూడదు. నెలన్నర తర్వాత పిల్లలు బయటికొస్తాయి. వెలుగు ఎటుంటే అటు పాకుతాయి కాబట్టి ఆ రోజుల్లో ఒడ్డున లైట్లు తీసేయిస్తారు. నన్నడిగితే అందరూ ఎగబడే గుడ్ల రాత్రి కంటే, పిల్లలు సముద్రం వైపు పాకే ఏప్రిల్ తెల్లవారుజాము చూడ్డానికి బాగుంటుంది, ఎండ మాత్రం తట్టుకోవాలి.

హుమ్మ దగ్గర ఉప్పు మడులు దాటాక కాసేపటికి చిలకా కనిపిస్తుంది, అదే రంభ. నాకు ఈ ట్రిప్పు మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటిన సరస్సు, కానీ రంభ దగ్గర చుట్టూ కొండలు, మధ్యలో చిన్న దీవులు, నీళ్లు కదలకుండా ఉంటాయి. సర్కారువారి పంథనివాస్ సరిగ్గా నీటి అంచునే ఉంది. గదులు పాతవి, సర్వీసు తాపీగా ఉంటుంది, టీ అడిగితే వచ్చేలోపు ఇంకో టీ తాగాలనిపిస్తుంది, అయినా పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా సరస్సు ఉండే గది ఆ ధరకి ఇంకెక్కడా దొరకదు. ఎప్పటి నుంచో ఉన్న రంభ ప్యాలెస్ కూడా ఇప్పుడు హోటల్, రేటు దానికి తగ్గట్టే ఉంటుంది.

పడవ పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నం గాలి లేస్తే చిన్న పడవలు ఊగిపోతాయి, ఎండ కూడా మాడ్చేస్తుంది. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, రాళ్ల మీద స్తంభం ఉన్న బీకన్ ఐలాండ్, ఘంటశిల కొండ, ఇవి చుట్టి రావడానికి రెండు గంటలు చాలు. ఆ స్తంభం స్నాడ్‌గ్రాస్ అనే కలెక్టర్ దీపం పెట్టడానికి కట్టించాడట. జెట్టీ దగ్గర మనిషికింతా, పడవకింతా అని రెండు లెక్కలు చెప్తారు, మీరు ఎంతమందో చెప్పి మొత్తం ఎంత, ఎన్ని గంటలు అని ఒకే లెక్కకి దించండి. లైఫ్ జాకెట్ ఇచ్చాక కట్లు లాగి చూసుకోండి, కొన్నింటికి బకిల్ ఉండదు. ఇక్కడ తెలుగు పని చేయదు. సముద్రం మీద వేటాడేవాళ్లు మనవాళ్లు, సరస్సులో వేటాడేవాళ్లు ఎక్కువగా ఒడియా వాళ్లు, హిందీ ముక్కలతో నెట్టుకురావాలి.

ఇంకో ముప్పై కిలోమీటర్లు పైకి వెళ్తే బర్కుల్, బాలుగావ్. కాళీజాయి దీవికి అక్కడి నుంచే పడవలు, సంక్రాంతికి జాతర. నాకైతే అక్కడి రద్దీ రంభ చూశాక రుచించదు, పీతల కోసం మాత్రం వెళ్తాం. హోటల్ వాడు తొట్టెలోంచి బతికున్న పీతని తీసి, దారం కట్టిన డెక్కలతోనే త్రాసులో వేస్తాడు. తూచిన పీతే పొయ్యి మీదికి వెళ్తోందో లేదో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. బర్కుల్‌లో ఎవరైనా డాల్ఫిన్లు చూపిస్తాం అంటే ఒప్పుకోవద్దు. ఇరావడీ డాల్ఫిన్లు కనిపించేది సరస్సు సముద్రంలో కలిసే సాతపడా వైపు, ఇక్కడి నుంచి పడవలో అంత దూరం పోవడం డబ్బు దండగ, టైమ్ దండగ.

ఇంత చెప్పినా పూరీ వెళ్లే తీరతాం అనేవాళ్లుంటారు. వాళ్లు హైవే మీద భువనేశ్వర్ వైపు చుట్టు తిరక్కుండా, గంజాం ఊరి దగ్గర కుడివైపు దిగి పాలూరు, మాలుద్ మీదుగా జన్హికుడా వెళ్లండి. ఒక పక్క సముద్రం, ఒక పక్క చిలకా, మధ్యలో పల్లెటూళ్ల రోడ్డు. జన్హికుడా నుంచి సాతపడాకి కారు ఎక్కించుకునే ఫెర్రీ ఉంది, దిగాక పూరీ గంటన్నర లోపే. రోడ్డు సన్నగా ఉంటుంది, పెట్రోల్ గంజాంలోనే పోయించుకోండి, ఫెర్రీ ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో ముందు రోజే ఎవరినైనా అడిగి పెట్టుకోండి, అది తప్పితే వచ్చిన దారంతా వెనక్కి రావాల్సిందే.