స్మార్ట్ టీపాయ్: రెండున్నరేళ్ల తర్వాత

ఇంటికి రంగులు వేయించినప్పుడు మా పెద్దవాడు పట్టుబట్టి 46 వేలు పెట్టి తెప్పించాడు. పైన నల్లటి గాజు, దాని మీద టచ్ బటన్లు, కింద రెండు ఫ్రిజ్ సొరుగులు, పక్కల బ్లూటూత్ స్పీకర్లు, ఒక మూల ఫోన్ పెడితే ఛార్జింగ్ అయ్యే చోటు. "టీపాయ్‌కి కరెంటెందుకబ్బా?" అన్నాడు మా మామ.

ఆయన నవ్వుతూ అన్నాడు గానీ అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. టీపాయ్ ఉండేది హాలు నడుమ, ప్లగ్గు ఉండేది గోడకు. కంపెనీ ఫొటోల్లో వైరే కనిపించదు. మాది పాతకాలం ఇల్లు, కింద కడప బండలు. నేలలో పైపు వేసి వైరు తెద్దామంటే, "ఒక బండ లేపితే పక్కదాని అంచు పోతుందన్నా" అని ఎలక్ట్రీషియన్ చేతులెత్తేశాడు. కార్పెట్ కింద లాగాం. అమ్మ కాలికి అది రెండుసార్లు తట్టుకుంది. మూడోసారి దాకా ఆగకుండా టీపాయ్‌ని గోడకు జరిపేశాం. కంప్రెసర్ వేడి పోవాలి కాబట్టి వెనక జానెడు సందు వదిలాం.

సొరుగులకు మాత్రం వంక పెట్టలేను. కడప ఎండల్లో, మే నెలలో మనిషి ఇంట్లోకి రాగానే వంటింటిదాకా పోకుండా చల్లటి మజ్జిగ చేతికి వస్తుంది. ఒకసారి లోపలి ఫ్యాన్ ఆగిపోతే ఏడు రోడ్ల కూడలి దగ్గరి మామూలు ఫ్రిజ్ మెకానిక్కే వచ్చి 700 తీసుకుని మార్చాడు.

టచ్ సంగతి వేరు. వేలు తగిలినప్పుడు గాజు కింద విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును అది పసిగడుతుంది. తడి తగిలినా అదే మార్పు వస్తుంది. మజ్జిగ గ్లాసు అడుగున చేరిన నీళ్లే బటన్లు నొక్కేస్తాయి! ఉగ్గాణి తిన్న చేత్తో తాకితే చెప్పనక్కర్లేదు. దాంతో ఎప్పుడూ లాక్‌లోనే ఉంచాం. వారంటీ ఏడాదే. అది దాటిన నాలుగో నెలలో ఎడమవైపు బటన్లు చచ్చిపోయాయి. బోర్డు విడిగా ఇవ్వరట, పైభాగం మొత్తం మార్చాలట, 14 వేలట. వద్దన్నాను. ఆ వైపు సొరుగు ఇప్పుడు ఉత్త సొరుగే.

ఛార్జింగ్ చోటు కూడా అంతంతే. ఫోన్ సరిగ్గా లోపలి కాయిల్ మీదే ఉండాలి. స్పీకర్లో పాట గట్టిగా పెడితే ఆ అదురుకు ఫోన్ పక్కకు జరుగుతుంది, తెల్లారి చూస్తే 9 శాతం. ఎండాకాలం ఫోన్ వేడెక్కి తనే ఛార్జింగ్ ఆపేస్తుంది. లైట్ల పట్టీ ఎప్పుడో ఊడిపోయింది, ఎవరికీ బెంగ లేదు.

టేబుల్‌కి తెలివి పెట్టాలన్న సరదా కొత్తదేం కాదు. 2007లోనే మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ పేరుతో 30 అంగుళాల తెర ఉన్న టేబుల్ చూపించింది. అడుగున 5 కెమెరాలు పెట్టి చేతుల కదలికను చూసేది. 2012లో ఆ పేరు ట్యాబ్లెట్లకు పోయింది. ఆ టేబుల్ మన ఇళ్లదాకా రాలేదు, వచ్చింది ఈ ఫ్రిజ్ టీపాయే.

కొనాలనుకుంటే ముందు సోఫా పక్కన ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకోండి. టచ్ బోర్డు విడిగా దొరుకుతుందా, ఎంత అని రాతపూర్వకంగా అడగండి. అడుగున చెక్కపొట్టు బోర్డు ఉంటే నేల కడిగే ఇంటికి పనికిరాదు, మాది ఒక కాలి దగ్గర ఉబ్బింది.

హాలు నడుమకు అటక మీది పాత టేకు టీపాయ్ మళ్లీ దిగింది. పనిచేసే సొరుగులో అమ్మ మల్లెపూలు దాచుకుంటోంది. మజ్జిగ సీసాకు చోటు కావాలంటే ఇప్పుడు ఆమెను అడగాలి.